తెల్లకుక్క చెవి

తెల్ల కుక్కపిల్ల కనబడితే ఎవరి చెయ్యయినా ముందు బొచ్చు మీదికే పోతుంది. తెలిసినవాళ్లు మాత్రం ముక్కు చూస్తారు. మన కాలనీల్లో ‘పామేరియన్’ అని పిలుచుకునే తెల్ల బొచ్చుకుక్క ముక్కు కటిక నలుపు. పెదవుల అంచులు, కనురెప్పల అంచులు కూడా నలుపే. రాజపాళయం కుక్క అలా కాదు. ఒళ్లంతా పాలతెలుపు, ముక్కు గులాబీ రంగు, కళ్లు బంగారు ఛాయ. రెండూ తెల్లకుక్కలే గానీ ఆ రెండు తెలుపులూ ఒకటి కావు. మొదటి రకం తెలుపుకీ చెవికీ సంబంధం లేదు. రెండో రకం తెలుపుతో పాటు చెవుడు కూడా వచ్చే ప్రమాదం ఉంది.

రంగుకీ వినికిడికీ ఏమిటి పొత్తు అనిపించవచ్చు. పొత్తు కుదిరేది తల్లి కడుపులోనే. పిండం ఇంకా రూపు దిద్దుకుంటున్న రోజుల్లో దాని వెన్ను పొడవునా న్యూరల్ క్రెస్ట్ అనే కణాల పట్టీ ఒకటి ఏర్పడుతుంది. ఒంటికి రంగునిచ్చే కణాలు అక్కణ్నుంచే బయల్దేరతాయి. వీపు మీంచి రెండు పక్కలకూ దిగుతూ డొక్కలు, ఛాతీ, కాళ్లు, మూతి, తోక కొస దాకా పోయి స్థిరపడాలి. బయల్దేరినవి తక్కువైనా, దారిలో సరిగ్గా వృద్ధి చెందకపోయినా కొసలకు చేరేసరికి కణాలు మిగలవు. మన కాలువల కింద చివరి ఆయకట్టుకు నీళ్లందనట్టే. వీధికుక్కల్లో తెలుపు ముందుగా కాలివేళ్ల మీద, రొమ్ము మీద, తోక చివర కనిపించడానికి కారణం ఇదే. కొరత ఇంకా పెరిగితే మెడ చుట్టూ తెల్ల పట్టీ వస్తుంది. మరీ పెరిగితే ఒళ్లంతా తెల్లబడిపోతుంది. ఎం.ఐ.టి.ఎఫ్. అనే జన్యువు దగ్గరి మార్పులకు ఇందులో పెద్ద పాత్ర ఉందని బాక్సర్, బుల్ టెరియర్ జాతుల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది.

పామేరియన్ తెలుపుది వేరే కథ. దాని చర్మంలో రంగు కణాలు నిండుగానే ఉంటాయి. కాకపోతే వెంట్రుకలోకి నల్ల రంగు చేర్చమనే సంకేతం వాటికి అందదు, అందువల్ల బొచ్చు వెలిసిపోతుంది. ముక్కు తోలు మాత్రం నల్లగానే మిగులుతుంది. సైబీరియా సమోయెడ్ కుక్కదీ ఇదే పద్ధతి.

ఇక చెవి సంగతి. రంగు కణాలు చర్మం దగ్గరే ఆగిపోవు. కొన్ని లోపలి చెవిలోని కాక్లియా దాకా పోయి, దాని గోడలో స్ట్రయా వాస్క్యులారిస్ అనే పొరలో చేరతాయి. అక్కడ వాటి ఉద్యోగం రంగు వేయడం కాదు. కాక్లియా లోపలి ద్రవంలో పొటాషియం దండిగా ఉండాలి, ఆ ద్రవంలో దాదాపు 80 మిల్లీవోల్టుల విద్యుత్తు నిలబడి ఉండాలి. శబ్దం వచ్చి సన్నని కేశకణాలను కదిపినప్పుడు మెదడుకు సంకేతం వెళ్లేది ఆ విద్యుత్తు బలంతోనే. దాన్ని నిలబెట్టే పొరకు రంగు కణాల తోడు తప్పనిసరి. అవి రాకపోతే పొర ఎండిపోతుంది, దాని వెనకే కేశకణాలూ చచ్చిపోతాయి. ఒకసారి పోయిన కేశకణాలు కుక్కలో గానీ మనిషిలో గానీ మళ్లీ మొలవవు.

ఇదంతా ఏ వయసులో జరుగుతుందన్నది గమనించాల్సిన విషయం. కుక్కపిల్ల పుట్టినప్పుడు దాని చెవి రంధ్రాలు మూసుకునే ఉంటాయి. రెండు వారాలకు తెరుచుకుంటాయి. రంగు కణాలు లేని చెవి సరిగ్గా ఆ తర్వాతే, మూడు నాలుగు వారాల వయసుకల్లా పాడైపోతుంది. అంటే ఆ పిల్ల కొద్ది రోజులు ఎంతో కొంత విని కూడా ఉండవచ్చు. ఈత పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడుకునే వయసు అది. చప్పట్లు కొడితే ఒకటి ఉలిక్కిపడుతుంది, దాని కదలికకు పక్కది లేస్తుంది, దాంతో మూడోది. వాటిలో చెవిటిది ఏదో ఎవరికీ తెలియదు. గిన్నె మోగినప్పుడు అన్నిటితో పాటు అదీ పరుగెత్తుకొస్తుంది. నేల అదరడం పాదాలకు తెలుస్తుంది, తోటిపిల్లల తోకలు కంటికి కనిపిస్తాయి, కూడు వాసన ఎలాగూ ఉంది. రెండు చెవులూ వినిపించని పిల్లను కూడా నిక్షేపంగా ఉందనుకుని అమ్మేసిన బ్రీడర్లున్నారు. వాళ్లందరూ మోసగాళ్లేమీ కాదు, నిజంగానే తెలియక అమ్మేస్తారు.

నికరంగా తేలాలంటే బేర్ పరీక్ష ఒక్కటే దారి. ఐదారు వారాలు నిండిన పిల్లకు తల చర్మం కింద సన్నని సూది ఎలక్ట్రోడులు పెట్టి, ఒక్కో చెవిలో విడివిడిగా టిక్కు టిక్కుమనే శబ్దం వందలసార్లు వినిపిస్తారు. చెవి పనిచేస్తుంటే తెర మీద వరసగా అలలు లేస్తాయి, లేకపోతే గీత చదునుగా సాగిపోతుంది. కొద్ది నిమిషాల పని. అన్ని ఊళ్లలోనూ ఈ సౌకర్యం ఉండదు, అది వేరే సంగతి.

ఈ లోపం గురించి లెక్కలు దండిగా ఉన్నది చుక్కల డాల్మేషియన్ జాతికి. అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్త జార్జ్ స్ట్రెయిన్ ఏళ్ల తరబడి ఈ పరీక్షల ఫలితాలు పోగుచేశారు. అక్కడి డాల్మేషియన్లలో దాదాపు 8 శాతానికి రెండు చెవులూ వినిపించవు, ఇంకో 22 శాతానికి ఒక చెవి వినిపించదు. ఒంటి చెవి కుక్క మామూలు కుక్కలాగే బతుకుతుంది. పిలిస్తే వస్తుంది, గేటు చప్పుడైతే మొరుగుతుంది. పిలుపు ఏ వైపు నుంచి వచ్చిందో పోల్చుకోలేక అప్పుడప్పుడూ తప్పు దిక్కుకు తిరుగుతుంది, అంతే. అది కన్న పిల్లల్లో మాత్రం చెవుడు వచ్చే అవకాశం స్పష్టంగా పెరుగుతుంది.

ఇప్పుడు డాగ్ షో రింగులోకి వెళ్దాం. జడ్జి కుక్క పెదవులెత్తి పళ్ల వరస చూస్తాడు. వీపు, ఎముకల పొందిక చేత్తో తడుముతాడు. మగకుక్కయితే రెండు వృషణాలూ కిందికి దిగాయో లేదో సరిచూస్తాడు. నడిపిస్తాడు, పరుగెత్తిస్తాడు, తిప్పి నిలబెట్టిస్తాడు. చెవి నిలబడిందా వాలిందా అన్నది చూస్తాడు గానీ అది వింటోందో లేదో చూసే పద్ధతి ఆ రింగులో లేదు. పట్టుకున్న తాడు లాగుడును బట్టి, చేతిలోని బిస్కెట్టును బట్టి నడిచే కుక్కకు ఒక చెవి లేకపోయినా బహుమతికి అడ్డేమీ ఉండదు.

అంతకన్నా విచిత్రమైన సంగతి ఇంకొకటి ఉంది. డాల్మేషియన్ పిల్ల పుట్టినప్పుడు తెల్లగానే ఉంటుంది. చుక్కలు పది పదిహేను రోజులకు మొదలవుతాయి. కొన్ని పిల్లలు మాత్రం చెవి మీదో కంటి చుట్టూనో ఒక పెద్ద నల్ల మచ్చతోనే పుడతాయి. రంగు కణాలు అక్కడికి బాగా చేరాయని ఆ మచ్చ చెబుతోంది. అలాంటి పిల్లల్లో చెవుడు తక్కువని లెక్కలూ అంటున్నాయి. జాతి ప్రమాణం మాత్రం పుట్టుమచ్చ ఉన్న కుక్కను షోకు పనికిరాదంటుంది. అంటే బాగా వినగలిగే కుక్కల్ని ఏరి మరీ సంతతికి దూరం పెడుతున్నారన్నమాట. చుక్కలు విడివిడిగా, అందంగా కనిపించాలన్న ముచ్చట కోసం ఇదంతా. నీలికళ్లది దీనికి సరిగ్గా ఎదురు కథ. కంటికి రంగిచ్చే కణాలు తక్కువైతే కన్ను నీలంగా కనిపిస్తుంది, అలాంటివాటిలో చెవుడు ఎక్కువ. నీలికళ్ల డాల్మేషియన్లను ఇంగ్లండులో తప్పు కింద లెక్కిస్తారు. అమెరికా ప్రమాణం వాటిని ఆమోదిస్తుంది.

జాతి శుద్ధికి కట్టుబడితే ఇలాంటి లోపాలు ఎలా పాతుకుపోతాయో చూడాలంటే ఇదే డాల్మేషియన్ మూత్రం సంగతి తీసుకోవాలి. మామూలుగా కుక్కల కాలేయం యూరిక్ ఆమ్లాన్ని అలాంటోయిన్‌గా మార్చి బయటికి పంపేస్తుంది. మనుషులకు ఆ సౌలభ్యం లేదు, అందుకే మనకు గౌట్ నొప్పులు. డాల్మేషియన్లలో ఆ యూరిక్ ఆమ్లాన్ని కణాల్లోకి చేరవేసే ఒక ప్రోటీన్ చెడిపోయింది. ఆమ్లం చాలావరకు మూత్రంలోకి దిగి రాళ్లు కట్టవచ్చు. మగకుక్క మూత్రనాళం ఇరుకు కాబట్టి రాయి అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ కుక్కలకు నీళ్లు ఎక్కువ పట్టించాలి, లివర్ లాంటి ప్యూరిన్లు ఎక్కువున్న మాంసం పెట్టకూడదు. మన ఇళ్లలో కుక్క అనగానే చికెన్ కొట్టు నుంచి లివర్ తెచ్చి పెట్టడం మామూలే. డాల్మేషియన్ ఉన్న ఇంట్లో అది కుదరదు.

చిక్కేమిటంటే ఒకప్పుడు ఈ లోపం లేని డాల్మేషియనే ఆ జాతిలో ఉండేది కాదు. చెడిపోయిన జన్యువు రెండు ప్రతులూ ప్రతి కుక్కలోనూ ఉండేవి. ఎంత మంచి జత కుదిర్చినా ఆ గుంపులో లేని మంచి జన్యువు ఎక్కణ్నుంచి వస్తుంది? 1973లో అమెరికా జన్యుశాస్త్రవేత్త రాబర్ట్ షైబుల్ ఒక పాయింటర్ కుక్కతో డాల్మేషియన్‌ను కలిపి, పుట్టిన పిల్లల్లో మంచి జన్యువు ఉన్నవాటిని మళ్లీ డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చారు. తరానికి సగం చొప్పున పాయింటర్ వాటా తరిగిపోతుంది. పదో తరానికి అది వెయ్యో వంతు లోపే. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1981లో ఆ సంతతిలోంచి రెండింటిని నమోదు చేసుకుంది. డాల్మేషియన్ పెంపకందార్లు గొడవ చేయడంతో ఆ దారి మూసేసింది. లోపం ఏ జన్యువులో ఉందో 2008లో తేలింది. చివరికి 2011లో క్లబ్ మళ్లీ తలుపు తెరిచింది. అదే ఏడాది ఆ సంతతి కుక్క ఒకటి ఇంగ్లండులో క్రఫ్ట్స్ షో రింగులో నడిచింది. దాని చుక్కల్ని చూసి పాయింటర్ వాసన పట్టగలిగే కన్ను ఉంటుందని నేననుకోను. వెయ్యో వంతు పరాయి రక్తం కోసం ముప్పై ఏళ్లు వాదులాడుకున్నారంటే, వాళ్లు కాపాడదలుచుకున్నది కుక్కనా, దాని కాగితాలనా అని అడగబుద్ధేస్తుంది.

ఇక రాజపాళయం కుక్క దగ్గరికి వస్తే, రాజపాళయం మనకు పరాయి ఊరేమీ కాదు. తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని ఆ ఊళ్లో శతాబ్దాల కిందట వెళ్లి స్థిరపడ్డ తెలుగు రాజులు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మద్రాసు ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామిరాజా ఆ ఊరివారే. ఆ కుక్క జాతి కూడా వాళ్ల కాపలాలో, వేటలో పెరిగిందే. 2005లో తపాలా శాఖ దేశీ కుక్కల మీద నాలుగు బిళ్లలు విడుదల చేసినప్పుడు ముధోల్, రాంపూర్, హిమాలయన్ షీప్‌డాగ్‌లతో పాటు దీనికీ చోటు దక్కింది. నల్లవో మచ్చలవో పిల్లలు ఈ జాతిలో అప్పుడప్పుడూ పుడుతూనే ఉంటాయి. పాతరోజుల్లో వాటిని బతకనిచ్చేవారు కాదు. పాలతెలుపు పిల్లలే మిగలాలి, వాటికే మళ్లీ పిల్లలు పుట్టాలి. నీలికళ్ల పిల్లలు చెవిటివవుతాయన్న ఎరుక మాత్రం పెంపకందార్లకు ఎప్పట్నుంచో ఉంది.

డాల్మేషియన్ మూత్రం జబ్బుకు బయటి రక్తం కావలసి వచ్చింది. రాజపాళయానికి ఆ అవసరం పడకపోవచ్చు, మందు ఈతలోనే పుడుతోంది. మచ్చ పిల్లల్ని తీసెయ్యకుండా పెంచి, బేర్ పరీక్షలో రెండు చెవులూ నెగ్గితే తెల్లవాటితో జత కట్టించవచ్చు. షోలో నిలబెట్టకపోతే మానె, సంతతికి వాడుకోవచ్చు కదా. ఒంటి చెవి కుక్క ఎంత అందగాడైనా, ఎన్ని సర్టిఫికెట్లు గెలిచినా దాన్ని జతకు పంపకూడదు. ముందు రంగు, తర్వాత చెవి అన్న వరస తిరగబడాలని నా పట్టుదల.

కొనబోయేవాళ్లకు ఒక్క మాట. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నెల పిల్లను బుట్టలో పెట్టి ఇచ్చేవాళ్లకు కొదవ లేదు గానీ, ఆ నిబంధన పాటిస్తే మీకో లాభం ఉంది. ఎనిమిది వారాలకల్లా చెవి కథ తేలిపోయి ఉంటుంది. పరీక్ష దొరికే చోటయితే పిల్లకే కాక తల్లిదండ్రులకూ చేయించారా అని అడగండి. దొరకని చోట పిల్లను మిగతావాటి నుంచి విడదీసి, వేరే గదిలో అది నిద్రపోతున్నప్పుడు, నేల అదరకుండా, గాలి తగలకుండా దూరం నుంచి తాళంచెవులు మోగించి చూడండి. రెండు చెవులూ పోయిన పిల్ల అప్పుడు బయటపడుతుంది. ఒంటి చెవిది దీనికి చిక్కదు.

చెవిటి పిల్ల ఇప్పటికే ఇంట్లో ఉంటే దిగులు పడాల్సిందేమీ లేదు. కూర్చో, రా, ఆగు అన్నవి చేతి సైగలతో నేర్పితే మిగతా కుక్కల్లాగే నేర్చుకుంటుంది. రాత్రిపూట పిలవాలంటే వరండా లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించాలి. నిద్రలో ఉండగా వెనకనుంచి ముట్టుకుంటే బెదిరి కరుస్తుంది. ముక్కు ముందు చెయ్యి పెట్టి వాసన చూడనిచ్చి లేపాలని ఇంట్లో పిల్లలకు గట్టిగా చెప్పాలి. గులాబీ ముక్కుకు మన ఎండలు పడవు కాబట్టి మధ్యాహ్నం నీడపట్టునే కట్టాలి. లారీ హారన్ దానికి వినిపించదు గనక గేటు దాటితే మెడకు తాడు ఉండాల్సిందే.