పురుగులు అంటని తోక

1969 మార్చిలో జెనీవా మోటార్ షోలో పోర్షే కంపెనీ 917 అనే రేసు కారును బయటపెట్టింది. 12 సిలిండర్లు, 4.5 లీటర్ల ఇంజను, సుమారు 800 కిలోల బరువు. కాగితం మీద దానికి తిరుగులేదు. మూడు నెలలు తిరక్కుండానే, జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ 1000 కిలోమీటర్ల పందెంలో కంపెనీ సొంత డ్రైవర్లే దాన్ని నడపబోమన్నారు. చివరికి ఫ్రాంక్ గార్డ్‌నర్, డేవిడ్ పైపర్ అనే ఇద్దరు బయటి డ్రైవర్లను పిలిపించారు. వాళ్లు దాన్ని ఎనిమిదో స్థానంలో చేర్చారు. డ్రైవర్ల భయం ఇంజను గురించి కాదు. వేగం పెరిగేకొద్దీ కారు వెనుక భాగం తేలిపోయి, తిన్నని దారిలో కూడా అటూ ఇటూ ఊగేది.

అంత ప్రతిభ ఉన్న ఇంజనీర్లు ఇలాంటి కారును ఎలా తయారుచేశారు? జవాబు వాళ్లు దేన్ని ముఖ్యంగా కొలిచారన్నదాంట్లో ఉంది. గాలి కారును వెనక్కి నెట్టే బలాన్ని డ్రాగ్ అంటారు. వేగం రెట్టింపైతే డ్రాగ్ నాలుగు రెట్లవుతుంది. దాన్ని అధిగమించడానికి కావలసిన ఇంజను శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఫ్రాన్స్‌లోని ల మాన్ సర్క్యూట్‌లో ముల్సాన్ అనే దారి ఆ రోజుల్లో దాదాపు 6 కిలోమీటర్లు తిన్నగా సాగేది. 24 గంటల పందెంలో ప్రతి చుట్టులోనూ ఆ దారిలో పూర్తి వేగంతో పోవాలి. అందుకే డ్రాగ్ తగ్గించడం ఒక్కటే లక్ష్యమైంది. ఆ ఆలోచనకు మూలం ఆకాశంలో ఉంది. జెప్పెలిన్ ఎయిర్‌షిప్పుల మీద పనిచేసిన పాల్ యారే 1920లలోనే కార్లకు గుండ్రటి ముక్కు, సన్నగా సాగిన పొడవాటి తోక ఉండాలని ప్రతిపాదించాడు. డ్రాగ్ విషయంలో ఆయన చెప్పింది నిజమే.

అయితే ఎయిర్‌షిప్పుకు పైనా కిందా గాలి ఒకేలా ప్రవహిస్తుంది కాబట్టి ఒత్తిడి రెండు వైపులా సమానం. కారు కింద నేల ఉంది. అడుగు చదునుగా, పైభాగం వంపుగా ఉన్న శరీరం మీదుగా పోయే గాలి వేగం పుంజుకుంటుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది. విమానం రెక్కను పైకి లేపేది ఇలాంటి ఒత్తిడి తేడాయే. ఆకారం ఎంత నున్నగా ఉంటే, గాలి తోక చివరిదాకా ఎంత అంటిపెట్టుకుని జారితే, వెనుక భాగం అంతగా పైకి లేచే ప్రమాదం ఉంది. డ్రాగ్ తగ్గించిన నునుపే పైకి లేపే బలాన్ని, అంటే లిఫ్ట్‌ను తెచ్చిపెట్టింది.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి కలిగించే ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 47 కిలోల బరువుతో సమానం. 300 కిలోమీటర్ల దగ్గర అది తొమ్మిది రెట్లు, అంటే సుమారు 420 కిలోలు. కారు ముందు వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు, లిఫ్ట్ గుణకం 0.3 అనుకుంటే దాదాపు 190 కిలోలు పైకి లాగుతున్నట్టు. 800 కిలోల కారుకు అది నాలుగో వంతు. నేల మీద నొక్కే బరువు తగ్గింది కానీ కారు ద్రవ్యరాశి తగ్గలేదు. మలుపులో బయటికి విసిరే బలం ఎప్పటిలాగే ఉంటుంది, దాన్ని ఆపాల్సిన టైర్లకు మాత్రం పట్టు ఉండదు. ఊరి రోడ్డు మీద నెమ్మదిగా నడిపి చూస్తే ఈ లోపం ఎవరికీ తెలియదు.

పక్కగాలి మరో చిక్కు. గాలి తోపు పనిచేసే బిందువు కారు గరిమనాభికి ముందుంటే, పక్కనుంచి వచ్చిన చిన్న విసురు కూడా ముక్కును తిప్పేస్తుంది. బ్రిస్టల్ విమాన కంపెనీ నుంచి జాగ్వార్‌కు వచ్చిన మాల్కమ్ సేయర్ దీన్ని పట్టించుకున్నాడు. ఆయన తీర్చిదిద్దిన డీ-టైప్ కారులో డ్రైవర్ తల వెనుక నిలువు రెక్క ఒకటి ఉండేది. బాణం తోకన కట్టిన ఈకలు చేసే పనే అదీ చేసింది. 1955, 56, 57లలో వరుసగా ల మాన్ గెలిచింది డీ-టైపే. 1956లో స్విస్ ఇంజనీరు మైకేల్ మే మరో అడుగు వేశాడు. తలకిందులు చేసిన రెక్కను పోర్షే 550 మీద అమర్చి నూర్‌బుర్గ్‌రింగ్‌కు తెచ్చాడు. కారును నేలకు అదిమిపట్టే ఆలోచన అది. నిర్వాహకులు ఆ రెక్కతో పందెంలోకి దిగనివ్వలేదు. నా దృష్టిలో ఆ నిరాకరణ ఎంతో విలువైన కాలాన్ని వృథా చేసింది. రేసు కార్లకు రెక్కలు మామూలు కావడానికి ఇంకో పదేళ్లు పైన పట్టింది.

917 నాటికి, కార్ల మీదుగా గాలిని ఊది పరీక్షించే విండ్ టనెల్స్ లేకపోలేదు. కానీ అప్పటి చాలా టనెల్స్‌లో నేల కదిలేది కాదు. నిజమైన రోడ్డు మీద కారు అడుగున గాలి ఎలా కదులుతుందో అవి సరిగ్గా చూపలేకపోయేవి. సస్పెన్షన్‌కు అనుసంధానించిన కదిలే పలకలను పొడవాటి తోక మీద అమర్చి పోర్షే కొంత సరిదిద్దాలని చూసింది. 1969 ల మాన్‌లో ఒక 917 చాలాసేపు ముందంజలో ఉండి, చివరి గంటల్లో యాంత్రిక లోపంతో ఆగిపోయింది. అదే పందెం మొదటి చుట్టులో మేజోం బ్లాంష్ దగ్గర బ్రిటిష్ డ్రైవర్ జాన్ వుల్ఫ్ సొంత 917 అదుపు తప్పి, ఆయన ప్రాణాలు పోయాయి.

ఆ అక్టోబరులో ఆస్ట్రియాలోని జెల్ట్‌వెగ్‌లో పరీక్షలు జరిగాయి. మరుసటి ఏడాది పోర్షే కార్లను నడపబోయే జాన్ వయర్ బృందం కూడా వచ్చింది. ఆ బృందంలోని ఇంజనీరు జాన్ హార్స్‌మన్ ఆగి ఉన్న కారు చుట్టూ తిరిగి చూశాడు. ముందు భాగమంతా చితికిన పురుగుల మరకలు. వెనుక తోక మీద, గాలిని అడ్డుకుని కారును కిందికి నొక్కాల్సిన స్పాయిలర్లనే పలకలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. పురుగులు తగల్లేదంటే గాలీ తగల్లేదన్నమాట. గాలే అందని చోట స్పాయిలర్ ఏ బలాన్ని పుట్టించగలదు? అల్యూమినియం రేకులు, టేపు తెచ్చి అక్కడికక్కడే తోకను పొట్టిగా, పైకి వాలిన ఆకారంలో కట్టేశారు. గాలి ఆ వాలుకు తగిలి వెనుక చక్రాలను కిందికి నొక్కింది. బ్రయాన్ రెడ్‌మన్, కుర్ట్ ఆరెన్స్ నడిపి చూస్తే కారు స్వభావమే మారిపోయింది. నాకు ఈ కథలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ చూపే. కొలమానాలు చెప్పలేకపోయినదాన్ని ఒక మనిషి మరకల్లో చదివాడు.

ఆ పొట్టి తోక కారే 917కె. తోక పొట్టిదైతే డ్రాగ్ పెరుగుతుంది, తిన్నని దారిలో గరిష్ఠ వేగం తగ్గుతుంది. అయినా మలుపుల్లో నమ్మకంగా నడపగలిగితే చుట్టు మొత్తం మీద లాభమే. 1970లో హాన్స్ హెర్మన్, రిచర్డ్ అట్‌వుడ్ ఈ కారుతోనే పోర్షేకు తొలి ల మాన్ విజయం తెచ్చారు. 1971లో హెల్ముట్ మార్కో, హైస్ వాన్ లెనెప్ 24 గంటల్లో 5,335 కిలోమీటర్లు పరుగెత్తించారు. ఆ దూరాన్ని 2010 దాకా ఎవరూ దాటలేదు.

ఈ కార్లు ఇప్పటికీ ల మాన్ క్లాసిక్ వంటి పాతకార్ల పందేల్లో పరుగెడుతున్నాయి. అక్కడ శరీర ఆకారం ఆనాటిదే ఉండాలి, లోపాలతో సహా. అదే సరైన పద్ధతి. కొత్త రెక్క తగిలిస్తే అది మరో కారవుతుంది, ఆనాటి డ్రైవర్లు దేనికి భయపడ్డారో మనకు తెలియకుండా పోతుంది. మొట్టమొదటి 917ను పోర్షే 2019లో పొడవాటి తోకతో సహా దాని తొలి రూపానికి తీసుకొచ్చింది. అయితే ముల్సాన్ దారిలో 1990లో రెండు చికేన్లు, అంటే వేగం తగ్గించే మెలికలు కట్టారు. ఆ పొడవాటి తోక ఏ 6 కిలోమీటర్ల కోసం పుట్టిందో ఆ దారిని ఇవాళ ఏ కారూ ఏకబిగిన దాటలేదు.