తెలిసీ చెప్పని మాట

సుమారు ముప్పై ఏళ్ల కిందట, హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో, ఒక ఉదయం ఆపరేషన్ థియేటర్‌లో కేస్ షీట్ పట్టుకుని నిలబడి ఉన్నాను. రోగికి పెన్సిలిన్ పడదని అందులో రాసి ఉంది. ప్రొఫెసర్‌గారు ఇమ్మన్న ఇంజెక్షన్ ఆ కోవలోదే. చెబుదామనుకున్నాను, గొంతు పెగల్లేదు. అంతటివారికి తెలియదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంతలో ఒక సిస్టర్ "సార్, ఈయనకు పెన్సిలిన్ పడదండి" అన్నారు. మందు మార్చారు. రోగి కోలుకుని ఇంటికి వెళ్లాడు.

ఆ గదిలో జ్ఞానానికి కొరత లేదు. ప్రమాదం తెలిసినవాడొకడు, నిర్ణయం తీసుకునేవారు మరొకరు. ఇద్దరి నడుమ దారి మూసుకుపోయింది. నలుగురు ఒకచోట చేరినంత మాత్రాన బృందం ఎందుకు కాదో తెలియాలంటే ఈ దారినే పరిశీలించాలి.

బృందాలు రూపొందే క్రమాన్ని గురించి తరచుగా ప్రస్తావించే సిద్ధాంతం అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్‌ది. చిన్న బృందాలపై అప్పటికి వెలువడిన అధ్యయనాలను సమీక్షించి, 1965లో ఆయన నాలుగు దశలను సూచించాడు: కలవడం, కలహించుకోవడం, కట్టుబాట్లు ఏర్పరచుకోవడం, కార్యం సాధించడం. 1977లో విడిపోవడాన్ని ఐదో దశగా చేర్చాడు. అయితే ఆయన పరిశీలించిన వాటిలో అధికభాగం పదేపదే కలుసుకునే చికిత్సా బృందాలకు, శిక్షణ బృందాలకు సంబంధించినవి. థియేటర్‌లో అంత వ్యవధి ఉండదు. నిన్నటి నర్సు ఇవాళ ఉండకపోవచ్చు. అపరిచితులు కొద్ది నిమిషాల్లో బృందం కావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్సా భద్రతా పట్టిక ఇందుకొక ఉపాయం చెప్పింది. అందులోని 19 అంశాలలో మందులు పడకపోవడం గురించిన ప్రశ్న ఉంది. కోత పెట్టేముందు గదిలోని ప్రతివారూ తమ పేరు, బాధ్యత చెప్పుకోవాలన్న నియమమూ ఉంది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో దీన్ని పరీక్షించి, 2009లో ఫలితాలను ప్రచురించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, తీవ్రమైన చిక్కులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఒకసారి పేరు చెప్పడానికి నోరు విప్పినవారికి, అవసరమైనప్పుడు మళ్లీ నోరు విప్పడం సులువవుతుందని ఈ నియమం వెనుక ఉన్న ఆలోచన.

అయితే కాగితమే బృందాన్ని నిర్మించదు. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులలో ఈ పట్టికను ప్రవేశపెట్టాక మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదని 2014లో ఒక అధ్యయనం తేల్చింది. కారణాలపై చర్చ సాగింది. ఎవరి ముఖమూ చూడకుండా గడులలో టిక్కులు పెట్టి ముగించే గదులను నేనూ చూశాను. అక్కడ పట్టిక ఉంటుంది, సంభాషణ ఉండదు.

ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి వార్డులలో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, మంచి సమన్వయం ఉన్న బృందాలలోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు కనిపించింది. వాళ్లు ఎక్కువ తప్పులు చేసినందువల్ల కాదు, దాచకుండా చెప్పినందువల్ల ఇలా జరిగి ఉంటుందని ఆమె గ్రహించింది. 1999లో ప్రచురించిన అధ్యయనంలో, మాట్లాడితే అవమానం జరగదన్న ఈ ఉమ్మడి నమ్మకాన్ని మానసిక భద్రత అన్న పేరుతో వివరించింది. ఇది అలసత్వాన్ని క్షమించడం కాదు. తప్పు త్వరగా బయటపడే మార్గం.

మాస్టారిని ప్రశ్నించడం ధిక్కారమని నేర్చుకున్న బడి నాది. మీలో చాలామందిదీ అదే కావచ్చు. ఆ వినయాన్ని కించపరచడం నా ఉద్దేశం కాదు. కాని సముద్రాలు దాటినా అది వెంట వస్తుంది. చిన్నవారిగా మనల్ని మౌనంగా ఉంచుతుంది. పెద్దవారమయ్యాక ఇతరుల నుంచి అదే మౌనాన్ని ఆశింపజేస్తుంది.

ఇప్పుడు మత్తు డాక్టరుగా నేను ఒక చిన్న మార్పు పాటిస్తున్నాను. "సందేహాలేమైనా ఉన్నాయా?" అని అడిగితే సాధారణంగా ఎవరూ పలకరు. "నేనేం మరిచిపోయాను?" అని అడుగుతాను, అందరికంటే చిన్నవారితో మొదలుపెట్టి. చాలాసార్లు ఏమీ ఉండదు. ఈమధ్య ఒక వైద్య విద్యార్థిని, రోగి చేతి పట్టీ మీద ఉన్న ఎలర్జీ నా కాగితంలో లేదని సంకోచిస్తూనే చెప్పింది. ఆపి సరిచూశాను. ఆ అమ్మాయి చెప్పింది నిజమే.