పింఛను వయసులో గొడ్డలి పని

వానలు వెనుదిరిగి, చలి ఇంకా ముదరని రోజులవి. అక్టోబరు చివరి నుండి నవంబరు దాకా చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల్లో పత్తి ఏరే పని సాగుతూ ఉంటుంది. నేలలో తేమ ఇంకా ఆరదు. జన్వాడ వంటి గ్రామాల్లో ఫజర్ నమాజు ముగిసిన కొంతసేపటికి పొలం గట్ల మీదుగా గొడ్డలి చప్పుడు వినవస్తుంది. అది ప్రతిసారీ కూలివాని గొడ్డలే కానక్కరలేదు. నగరంలో ముప్పయ్యేళ్లు కొలువు చేసి, పింఛను పుచ్చుకుని, తండ్రి వదిలి వెళ్లిన అరెకరం చూసుకుంటున్న పెద్దమనిషిది కూడా కావచ్చు.

ఇంట్లో వారికి ఇది నచ్చదు. “అబ్బా, ఈ వయసులో మీకెందుకీ కష్టం? ఒక మనిషిని పెడితే గంటలో పని అయిపోతుంది” అని కుమారుడు నసుగుతాడు. అతని మాటలో ప్రేమ ఉంది గానీ, తండ్రికి కావలసింది గంటలో ముగిసే పని కాదని అతనికి తోచదు. నలభై రోజులపాటు ప్రతి ఉదయం కాసింత సాగే పని ఆయనకు కావాలి. కొలువు పోయిన మనిషికి డబ్బు లోటుకంటే ముందు తెల్లవారుజామున లేచి వెళ్లవలసిన చోటు లేని లోటు తెలిసివస్తుంది. త్రాడు తీసుకుని వెళ్లి వీపున కట్టెల మోపు మోసుకొచ్చి అమ్ముకోవడం ఒకరి ముందు చేయి చాచడంకంటే మేలని దైవప్రవక్త (స) బోధించారు. ఆ హదీసు జీవనోపాధి గురించినది. అయితే కట్టెల మోపు మోసిన వీపుకు అది ఇచ్చిన గౌరవం మన పింఛనుదారులకూ వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఈ ఇష్టం మన పల్లెలకే పరిమితమైనది కాదు. నార్వే దేశపు ప్రభుత్వ టెలివిజన్ 2013 ఫిబ్రవరిలో కట్టెలు కొట్టడం, పేర్చడం, కాల్చడం గురించి పన్నెండు గంటల కార్యక్రమం ప్రసారం చేసింది. అందులో ఎక్కువ భాగం పొయ్యిలో మంట మండటమే! బెరడు పైకి పెట్టి పేర్చాలా, కిందికి పెట్టాలా అని అక్కడి ప్రేక్షకులు వాదులాడుకున్నారట. మన దగ్గర వాన అకస్మాత్తుగా పడుతుంది కనుక నేనైతే బెరడు పైకే ఉండాలంటాను.

అసలు ప్రశ్న ఎలా కొట్టాలన్నది కాదు, దేనిని కొట్టాలన్నది. బీడు భూముల్లో, చెరువు శిఖాల్లో అల్లుకుపోయే సర్కారు తుమ్మ మన నేల చెట్టు కాదు. దక్షిణ, మధ్య అమెరికాలకు చెందిన ఈ మొక్కను 1877 ప్రాంతంలో ఆంగ్లేయ అధికారులు కడప జిల్లాలో నాటించారు. వంటచెరకు కోసం తెచ్చినది పచ్చిక బయళ్లను మింగివేసింది. దాని కాయలను పశువులు తిని, గింజలను మరో చోట విసర్జిస్తాయి. అక్కడ మరో పొద లేస్తుంది. ఒంటిగా నింపాదిగా పని చేసుకునే వృద్ధునికి ఇంతకంటే తగిన శత్రువు లేదు. పైపైన నరికితే పది కొమ్మలుగా చిగురిస్తుంది కనుక చదును నేలలో మొదలు చుట్టూ మట్టి తీసి, వేరు కిందికి కోయాలి. వాగు ఒడ్డున మాత్రం వేరు పెకలించరాదు. జన్వాడ ఉస్మాన్‌సాగర్ పరీవాహక ప్రాంతంలో ఉంది. ఆ జలాశయాల రక్షణకే 1996లో 111 జీవో 84 గ్రామాలకు వర్తించింది. ఒడ్డు వదులైతే ఆ మట్టి చివరికి చేరేది గండిపేటకే.

గట్టు మీది సుబాబుల్, నీలగిరి దారి వేరు. అవి మోడు నుండి మళ్లీ ఎదుగుతాయి. నేలకు జానెడు ఎత్తున, నీరు నిలువకుండా ఏటవాలుగా కోస్తే వాన రాగానే చిగుళ్లు వస్తాయి. వాటిలో రెండింటిని ఉంచి మిగిలినవి తుంచివేస్తే కొన్నేళ్లకు మళ్లీ కట్టె సిద్ధం.

మన్నించరాని గొడ్డలి దెబ్బ ఒకటుంది. హైదరాబాద్ నుండి మొయినాబాద్, చేవెళ్లల మీదుగా బీజాపూర్ వైపు సాగే రహదారికి ఇరువైపులా ఉన్న మర్రిచెట్లు వందల్లో ఉన్నాయి. రోడ్డు విస్తరణలో అవి పోకూడదని పౌరులు హరిత ట్రిబ్యునల్ తలుపు తట్టారు. ఆ ఇరుకు దారిలో ప్రాణాలు పోతున్నాయన్న మాట కూడా నిజమే. ఆ చిక్కును తేల్చవలసినవారు వేరే ఉన్నారు. మన గట్టు మీది వేప, చింతల విషయం మాత్రం మన చేతిలోనే ఉంది. రేగుచెట్టును నరికేవానికి తీవ్ర హెచ్చరిక ఉన్న హదీసును వివరిస్తూ ఇమామ్ అబూ దావూద్, అది బాటసారులకూ పశువులకూ నీడనిచ్చే చెట్టును అన్యాయంగా, నిష్కారణంగా నరికేవాని గురించి అన్నారు. నేనెరిగిన ఇద్దరు అన్నదమ్ములు గట్టు మీది ఒక వేపచెట్టు కోసం రెండు ఈద్‌లు ఆలింగనం చేసుకోలేదు. అన్న దానిని కట్టెగా చూశాడు, తమ్ముడు అమ్మ కూర్చున్న నీడగా చూశాడు. చెట్టు ఇంకా నిలిచి ఉంది. అన్న ఇప్పుడు సర్కారు తుమ్మ మీదనే తన బలమంతా చూపుతున్నాడు, అల్‌హందులిల్లాహ్.

2002 నాటి వాల్టా చట్టం సొంత భూమిలోని చెట్టుకూ వర్తిస్తుంది. ఏ జాతికి అనుమతి కావాలో అటవీ అధికారి వద్ద ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

అరవై దాటిన చేతికి కొన్ని హద్దులు ఉండాలి. చెట్టెక్కరాదు. నడుమెత్తు దాటిన లావు మానును అనుభవజ్ఞునికే వదలాలి. చిన్నదైనా పడే వైపున ముందు గాటు పెట్టి, వెనుక నుండి కొంచెం పైగా కోయాలి. రెండు కోతలూ కలిసిపోనీయక మధ్యలో కొద్ది కట్టెను వదిలితే అది తలుపు బందులా చెట్టును నడిపిస్తుంది. తోడుగా మనుమడో, పొరుగువారో ఉండాలి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో వారు నిలబడాలి. సర్కారు తుమ్మ ముల్లు చెప్పును తేలికగా దాటుతుంది, బూటు తప్పనిసరి. పాత కుప్పలో చేయి పెట్టేముందు కర్రతో తట్టాలి, వానల తర్వాత పాములు అక్కడే చేరతాయి. మధుమేహం ఉన్నవారు ఖాళీ కడుపుతో వెళ్లవద్దు. బారెడు పొద్దెక్కగానే ఆపేయాలి. మిగిలినది రేపటికి ఉంటే బెంగ పడనక్కరలేదు, దాని కోసమే కదా ఈ పని.

పచ్చి కట్టె బరువులో సగానికి దగ్గరగా నీరే. దానిని కాలిస్తే పొగ, కళ్లమంట, ఇంటి ఇల్లాలి దగ్గు. రాళ్ల మీద పేర్చి, గాలి ఆడేలా వదిలితే కొన్ని నెలల్లో ఆరుతుంది. ఇప్పుడు సన్నగా చీల్చిపెట్టిన పేళ్లు రమజాన్ నాటికి హలీం భట్టీకి, వలీమా దేగ్ కిందికీ పనికొస్తాయి. లావు దుంగలను వచ్చే ఏటికి ఉంచాలి. మొదటి మోపు మాత్రం చలికి నీళ్లు కాచుకునే పొరుగింటి వితంతువుకు చేరాలని మా పెద్దలు అనేవారు. ఆరిందో లేదో తెలియకపోతే రెండు ముక్కలను ఒకదానికొకటి తట్టి చూడండి. ఎండినది ఖంగుమంటుంది, పచ్చిది మొద్దుగా పలుకుతుంది.