పాలేటికీ మునేటికీ నడుమ ఒక సినిమా వారం

సినిమా వ్యాపారుల లెక్కలో జగ్గయ్యపేట ‘కృష్ణా’, పక్కనున్న కోదాడ ‘నైజాం’. మధ్యలో ఉన్నది పాలేరు. 2014లో రాష్ట్రం విడిపోయింది గానీ, సినిమాకు ఇక్కడ సరిహద్దు అంతకుముందు నుంచే ఉంది. ఒకే బొమ్మ ఏటికి ఇవతల ఒక పంపిణీదారుదైతే, అవతల ఇంకొకరిది. 2022 ఏప్రిల్‌లో జగ్గయ్యపేట, నందిగామ కొత్తగా పుట్టిన ఎన్టీఆర్ జిల్లాలో కలిశాయి. కలెక్షన్ల పట్టికలో మాత్రం ఇప్పటికీ కృష్ణాయే.

ఆ మధ్య ఈ రెండు ఊళ్ల నడుమ కూడా ఒక గీత పడింది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 35 టికెట్ ధరను ఊరి హోదాకు ముడిపెట్టింది. జగ్గయ్యపేట మున్సిపాలిటీ కాబట్టి అక్కడ ఏసీ హాల్లో పై తరగతి టికెట్ 70 రూపాయలు. నందిగామ నగర పంచాయతీ కాబట్టి 35. అదే జాతీయ రహదారి, అదే సినిమా, సగం రేటు! ఆ డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఏసీ హాళ్లకు 150 దాకా వసూలు చేసుకోనిచ్చింది. ‘అఖండ’, ‘పుష్ప’ ఆడిన రోజులవి. కోదాడ వాళ్లకు సినిమా ఖరీదైన సరదా అయితే, పేట వాళ్లకు టీ, సమోసా ఖర్చుతో తేలే వ్యవహారం. హాలు యజమానులకు మాత్రం కరెంటు బిల్లు ఏ జీవో ప్రకారమూ తగ్గలేదు. 2022 మార్చిలో ఆంధ్రలో కొత్త జీవో వచ్చి, ధరలు 20 నుంచి 250 దాకా పరుచుకున్నాయి.

ధరల గొడవ సర్దుకుంది. ఏరు మాత్రం సర్దుకునే రకం కాదు.

2023 జులై 27న నందిగామ దగ్గర ఐతవరం వద్ద మునేరు హైవే మీదికొచ్చి హైదరాబాద్–విజయవాడ రాకపోకలను ఆపేసింది. తెల్లవారితే పవన్ కల్యాణ్, సాయి ధరమ్ తేజ్‌ల ‘బ్రో’ విడుదల. ఏడాది తిరిగేసరికి అదే చోట, మళ్లీ సినిమా వారంలోనే, అంతకంటే పెద్ద నీళ్లొచ్చాయి.

2024 ఆగస్టు 29, గురువారం. నాని నటించిన ‘సరిపోదా శనివారం’ ఆ రోజే విడుదలైంది. దర్శకుడు వివేక్ ఆత్రేయ. వారమంతా కోపాన్ని దిగమింగి శనివారం మాత్రమే బయటపెట్టే కుర్రాడి కథ. అదే రోజు నాగార్జున పుట్టినరోజు కూడా. అయితే అప్పటికి ఆయన పేరు వార్తల్లో నలుగుతున్నది వేరే కారణానికి. అంతకు ముందు శనివారమే మాదాపూర్‌లో ఆయనకు చెందిన ఎన్ కన్వెన్షన్‌ను, తమ్మిడికుంట చెరువును ఆక్రమించి కట్టారంటూ, ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చేసింది. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీరు చేరే హద్దు), బఫర్ జోన్ అనే మాటలు సినిమా పేజీల్లోకి ఎక్కిన వారమది. చెరువు ఎంతవరకు, ఇల్లు ఎంతవరకు అన్న చర్చ హైదరాబాద్ వాళ్లదే అనుకుంటూ చదివిన పశ్చిమ కృష్ణా పాఠకులకు వారం గడిచేసరికి నీళ్లు గడపల్లోకి వచ్చాయి.

శనివారం, ఆగస్టు 31న వాన పట్టుకుంది. జగ్గయ్యపేటలో లోతట్టు వీధులు మునిగాయి. ఎగువన ఖమ్మంలో మునేరు ఊళ్లమీద పడింది. ఆ నీళ్లే దిగువకు వచ్చి పెనుగంచిప్రోలు, ఐతవరం దాటి కృష్ణలో కలవాలి. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు మునేరు నీళ్లు చప్పున దిగవు, వెనక్కి ఎగదన్ని పక్కలకు పరుచుకుంటాయి. ఐతవరం దగ్గర హైవే మునగడానికి ఇదీ ఒక కారణమై ఉండొచ్చు. ఆదివారం మునేరు అక్కడ, పాలేరు కోదాడ వైపు రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర దారిని తెంపేశాయి. నడుమ చిక్కుకుపోయింది జగ్గయ్యపేటే. అటు నైజాంకూ లేదు, ఇటు బెజవాడకూ లేదు.

రీళ్ల రోజుల్లో ఇలాంటి పరిస్థితిలో సినిమా కూడా ఆగిపోయేది. విజయవాడ గాంధీనగర్ పంపిణీ ఆఫీసుల నుంచి డబ్బాలు బస్సులో రావాలి మరి. ఇప్పుడు బొమ్మ ముందే హాల్లోని సర్వర్‌లోకి చేరుతుంది, దాన్ని తెరిచే డిజిటల్ తాళం ఇంటర్నెట్‌లో వస్తుంది. రోడ్డు తెగినా సినిమా రాగలదు. రాలేనిది చుట్టుపక్కల పల్లెల జనం. చందర్లపాడు, వత్సవాయి, పెనుగంచిప్రోలు నుంచి బండ్ల మీద వచ్చే వాళ్లు లేనిదే ఈ హాళ్లకు కలెక్షన్ లేదు. ఆ ఆదివారం వాళ్ల ధ్యాసంతా పత్తి చేల మీద, గొడ్ల మీద ఉంది.

హైదరాబాద్‌లో మాత్రం వినోదం ఆగలేదు. ఆ సాయంత్రం బాలకృష్ణ స్వర్ణోత్సవం జరిగింది. ఆయన మొదటి సినిమా ‘తాతమ్మ కల’ 1974 ఆగస్టు 30న వచ్చింది. అదే రాత్రి నాగార్జున వ్యాఖ్యాతగా బిగ్‌బాస్ ఎనిమిదో సీజన్ మొదలైంది. సోమవారం పవన్ కల్యాణ్ పుట్టినరోజు, దానికి కానుకగా 2012 నాటి ‘గబ్బర్ సింగ్’ మళ్లీ హాళ్లకొచ్చింది. అభిమానులు తెర ముందు గంతులేస్తున్న ఆ రోజే ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. గంతులేసిన వాళ్లను తప్పుపట్టడం తేలిక. కానీ ఆ తేదీలు ముందే ఖరారైనవి, వానకు ముందస్తు బుకింగ్ లేదు కదా.

మంగళ, బుధవారాల్లో సినిమా వార్తలన్నీ విరాళాల వార్తలయ్యాయి. ఎన్టీఆర్, మహేశ్‌బాబు, బాలకృష్ణ, చిరంజీవి తలా కోటి ప్రకటించారు. ఆంధ్రకు 50 లక్షలు, తెలంగాణకు 50 లక్షలు. అప్పటికి ఉప ముఖ్యమంత్రి అయిన పవన్ కల్యాణ్ రెండు రాష్ట్రాలకూ చెరో కోటి, ముంపు బారిన పడ్డ 400 పంచాయతీలకు తలా లక్ష ఇస్తానన్నారు. కలెక్షన్లలో నైజాం ఒక్కటే ఎంతో పెద్ద వాటా, కృష్ణాది చిన్న ముక్క. విరాళం దగ్గర మాత్రం ఆ తూకం చెల్లదు, రెండు రాష్ట్రాలకూ సమానంగా కోయాల్సిందే. ఖమ్మాన్ని ముంచిన మునేరే నందిగామ పొలాల్లో ఇసుక మేటలు వేసింది మరి.

ఈ మునేటి ఒడ్డుకు సినిమా కొత్తేమీ కాదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథతో 1963లోనే ఎన్టీ రామారావు, కృష్ణకుమారి నటించిన ‘శ్రీ తిరుపతమ్మ కథ’ వచ్చింది. రెండేళ్లకోసారి అమ్మవారి విగ్రహాలు రంగులు వేయించుకోవడానికి జగ్గయ్యపేటకు తరలివస్తాయి. తిరునాళ్లకు ప్రభలు కట్టే జనమే హాలు ముందు కటౌట్‌కు పూలదండ వేస్తారు. ఇక శోభన్‌బాబు పుట్టిన చిననందిగామ మైలవరం వైపు ఊరు. హైవే మీది నందిగామ కాదని ఇక్కడివాళ్లు ఎంతమందికి చెప్పినా, వినేవాళ్లు వినరు.

తర్వాతి గురువారం విజయ్ ‘గోట్’, శుక్రవారం నివేదా థామస్ నటించిన ‘35 – చిన్న కథ కాదు’ విడుదలయ్యాయి. శనివారం వినాయక చవితి. బురద కడుక్కుంటూ, పాడైన మోటార్లు విప్పుకుంటూ ‘సరిపోదా శనివారం’ చూడలేకపోయిన వాళ్లకు సెప్టెంబర్ 26న అది నెట్‌ఫ్లిక్స్‌లో దొరికింది.