ఆటలో మాట

మా నల్లగొండ పల్లెల్లో చెడుగుడు ఎరుగనివారు లేరు. గీత దాటినవాడు ఒకే ఊపిరితో కూత పెట్టాలి. అవతలివాళ్లు "రా బిడ్డా, ఇంకింత లోపలికి రా!" అని కవ్విస్తారు. ఆ మాటకు రేగినవాడు ఇట్టే దొరికిపోతాడు. ఎదుటివాణ్ణి కవ్వించడం ఆటలో పాత ఎత్తే. మరి మనవాణ్ణే తిడితే?

ఈనాడు చెడుగుడు బరి సెల్‌ఫోనులోకి వచ్చింది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. 2021 జూలైలో 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' వచ్చింది. 2022 జూలైలో అదీ ఆగి, 2023 మేలో తిరిగి వచ్చింది. పెద్ద ఆటలో దాదాపు 100 మంది ఒక దీవిలో దిగుతారు. జట్టుకు నలుగురు. ఒకరి తెర ఒకరికి కనబడదు కనుక మాటే కన్ను.

"కుడి దిక్కున్నడు" అంటే చాలదు. తూర్పు మొఖాన నిలబడ్డవాని కుడి దక్షిణం. పడమటి మొఖాన ఉన్నవానికి ఉత్తరం. అందుకే తెర మీద దిక్సూచి ఉంటుంది. ఉత్తరం నుంచి లెక్క: తూర్పు 90 డిగ్రీలు, దక్షిణం 180. పక్కపక్కన ఉన్నవారికి ఈ అంకె దాదాపు ఒకటే. దూరంగా ఉంటే అంకె మారుతుంది; అప్పుడు పటం మీద గుర్తు పెట్టాలి. ఎంతమంది, ఏ దిక్కు, ఎంత దూరం: ఈ మూడు చెబితే చాలు.

నా జట్టులో ఒకడు మా ఊరి దోస్తు. ఇంటర్ తర్వాత చదువు మాని పత్తిచేను చూసుకుంటున్నాడు. నేను హాస్టల్‌కు వచ్చాక మేము కలిసేది ఆటలోనే. ఒక రాత్రి వాడి గురి తప్పిందని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆట పోయింది. మర్నాటి నుంచి వాడు రాలేదు.

సెలవుల్లో ఊరికి పోయాను. పొలంలో నాయిన కాలువ దగ్గర, నేను మడి దగ్గర. "నిండింది, మల్పు!" అని అరిచాను. నాయిన నీళ్లు మళ్లించాడు. ఆ ఒక్క మాటకు బదులు నేను తిట్లు మొదలుపెడితే గట్టు తెగేది కదా అనిపించింది.

సాయంత్రం దోస్తు దగ్గరికి పోయి తప్పొప్పుకున్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "240ల చెట్టెనుక ఇద్దరున్నరని చెప్తనే ఉన్న గదరా. నువ్వే ఇనలే."

మిత్రులారా, ఆటలో నలుగురి గొంతులూ కలిసి వినబడేది ఒకే చెవికి. తిట్టు ఎక్కడికీ పోదు. అవసరమైన మాట మీదనే పడుతుంది. ఓడిన కోపం ఆట ముగిసేదాకా ఆగగలదు. దోస్తు చెప్పే మాట ఆగలేదు.