ఉద్వాసన

పూజానంతరం దేవతను మరల రమ్మని ప్రార్థించి, సగౌరవంగా సాగనంపడాన్ని ఉద్వాసన అంటారు. నేడు ఈ మాట ఉద్యోగుల తొలగింపునకు పర్యాయపదమైంది. మాట నిలిచింది కాని, అందులోని గౌరవం తరచుగా లోపిస్తున్నది.

హైదరాబాదు నుండి బెంగుళూరు వెళ్ళే రహదారిపై, శంషాబాదుకు ముందుగా గగన్‌పహాడ్ పారిశ్రామిక వాడ ఉంది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభం కాగా, ఈ పరిసరాలలోని అనేకుల బ్రతుకుతెరువు విమానయానంతో ముడిపడింది. ఆ ఏడాది అక్టోబరులోనే నష్టాలలో ఉన్న జెట్ ఎయిర్‌వేస్ సంస్థ దేశవ్యాప్తంగా వందలాది సిబ్బందిని హఠాత్తుగా తొలగించింది. నిరసనలు చెలరేగడంతో వెంటనే వారిని తిరిగి తీసుకున్నది. కాని 2019 ఏప్రిల్‌లో అప్పుల భారంతో ఆ సంస్థ విమానాలే నిలిచిపోయాయి.

సిబ్బందిని తగ్గిస్తే జీతాల వ్యయం తక్షణమే తగ్గుతుంది. అది లెక్కలలో కనిపించే లాభం. ఏళ్ళ తరబడి గడించిన పనితనం చేజారడం లెక్కలకు అందని నష్టం. మిగిలినవారిపై పనిభారం పెరుగుతుంది. రేపు తమ వంతేమోనన్న భీతి వారిని వెంటాడుతుంది. వేరొకచోట అవకాశం దొరకగల నేర్పరులే ముందుగా వెళ్ళిపోతారు. ఉద్యోగం పోయినవాని ఇంట అద్దె, పిల్లల చదువు, అప్పుల వాయిదాలు ఒక్కసారిగా బరువవుతాయి. అతనిని నమ్ముకున్న టీకొట్టు, ఆటో కూడా ఆదాయం కోల్పోతాయి. గుత్తేదారు క్రింద పనిచేసే కూలీల పేర్లైతే తొలగింపు జాబితాకే ఎక్కవు.

హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్‌లో లెక్కల మోసం 2009 జనవరిలో బయటపడింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థను చేపట్టడానికి ఎంపికైంది. తగినంత పని లేని వేలాదిమందిని వెంటనే తొలగించక, ఆరు నెలల కాలానికి వేరుగా ఒక జాబితాలో ఉంచారు. వారికి మూలవేతనం, భవిష్యనిధి, ఆరోగ్య బీమా కొనసాగాయి. అవసరమైతే సంస్థ వారిని తిరిగి పిలుస్తుంది. ఈలోగా వారు వేరే కొలువు వెదుక్కోవచ్చు. ఇది పూర్తి రక్షణ కాకపోయినా, నిలదొక్కుకోవడానికి కొంత వ్యవధినిచ్చింది.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, ఏడాదిపాటు పనిచేసిన కార్మికుని తొలగించాలంటే నెల ముందుగా నోటీసు గాని, బదులుగా నెల వేతనం గాని ఇవ్వవలసి ఉండేది. పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనాన్ని పరిహారంగా చెల్లించవలసి ఉండేది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా ఈ నియమాలను నిలుపుకొన్నది.

సంస్థ బ్రతకడానికి కుదింపు ఒక్కొక్కప్పుడు అనివార్యం కావచ్చు. అయితే ముందుగా తెలుపడం, న్యాయమైన పరిహారమివ్వడం, పని పెరిగినప్పుడు మరల పిలవడం దాని కనీస ధర్మాలు. అవి ఉన్ననాడే ఉద్వాసన అన్న మాట సార్థకమవుతుంది.