పశువుల ఆసుపత్రికీ మన ఇంటి జ్వరానికీ ఉన్న సంబంధం

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. జీవాలు కాసుకునే ఒక పెద్దాయన రెండు నెలల నుంచి జ్వరంతో తిరుగుతున్నాడనుకోండి. పొద్దున బాగానే ఉంటాడు. సాయంత్రానికి ఒళ్లు కాలుతుంది, రాత్రి చెమటతో పక్కబట్టలు తడుస్తాయి. నడుము, మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఊళ్లో టైఫాయిడ్ అని సూదులు వేశారు, మలేరియా అని బిళ్లలు ఇచ్చారు. "మందు మింగినప్పుడు తగ్గుతది, మల్ల వస్తది సారూ" అంటాడు. అప్పుడు డాక్టరు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: "పెద్దయ్యా, ఈ మధ్య మీ మందల మేకలు ఏమన్నా ఈసుకుపోయినయా?"

జ్వరానికీ మేక ఈసుకుపోవడానికీ ఏం సంబంధమని చాలామంది ఆశ్చర్యపోతారు. సంబంధం ఉంది. ఆ జ్వరం పేరు బ్రూసెల్లోసిస్. అది పశువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బు. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో గొర్రెలు, మేకలు, బర్రెలు లేని ఊరు లేదు. అమ్రాబాద్ పొడ తూర్పు ఆవులైతే దేశీ జాతిగా గుర్తింపు కూడా పొందాయి. పశువు మన ఇంటి సభ్యురాలిలాంటిది కనుక దాని జబ్బు కూడా మన ఇంటిదే. అందుకే ఈసారి మన ఆసుపత్రి గురించి కాకుండా పశువుల ఆసుపత్రి గురించి, అందులోనూ పశువైద్యులను తయారుచేసే కళాశాల ఆసుపత్రి గురించి తెలుసుకుందాం.

పశువైద్య కళాశాల ఎక్కడ ఉంది?

మన జిల్లాల నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా హైదరాబాదు వెళ్లేటప్పుడు శంషాబాద్ దాటాక రాజేంద్రనగర్ వస్తుంది. మన రాష్ట్రంలోని పాత పశువైద్య కళాశాల అక్కడే ఉంది. ఇది 1946లో, నిజాం పాలన కాలంలో మొదలైంది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగమైంది. 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చాక దాని కిందికి వెళ్లింది. తెలంగాణ ఏర్పడిన తర్వాత, 2014లో, పి.వి. నరసింహారావు పేరుతో ప్రత్యేక పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. కోరుట్లలో, వరంగల్ దగ్గర మామునూరులో కూడా దీని కళాశాలలు ఉన్నాయి. వనపర్తి జిల్లా పెబ్బేరులోని మత్స్య కళాశాల కూడా ఈ విశ్వవిద్యాలయానిదే.

ఇక్కడ చదివే డిగ్రీ పేరు బి.వి.ఎస్‌సి. అండ్ ఎ.హెచ్. మొత్తం అయిదున్నర సంవత్సరాలు. అందులో చివరి సంవత్సరం ఇంటర్న్‌షిప్. అంటే మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్లు చేసినట్టే, అధ్యాపకుల పర్యవేక్షణలో స్వయంగా పశువులను చూస్తూ పని నేర్చుకోవడం. అందుకోసమే కళాశాలకు అనుబంధంగా ఆసుపత్రి ఉంటుంది.

బోధనాసుపత్రిలో ఏం చేస్తారు?

మన ఆసుపత్రిలో లాగానే అక్కడ కూడా ఓ.పి. చీటీ రాస్తారు. మెడిసిన్, సర్జరీ, గర్భకోశ చికిత్స విభాగాలు వేరువేరుగా ఉంటాయి. ఒక తేడా మాత్రం ఉంది. మనిషి తన నొప్పి ఎక్కడో చెబుతాడు, పశువు చెప్పలేదు. కనుక విద్యార్థికి మొదట నేర్పేది చూడటం, అడగటం. నెమరు వేస్తున్నదా? పేడ ఎలా ఉంది? ముట్టె తడిగా ఉందా, ఎండిపోయిందా? ఎన్నో ఈత? ఏం మేసింది? యజమాని చెప్పే నాలుగు మాటల్లోనే సగం రోగం తెలుస్తుంది.

పట్టణాల్లో తిరిగే ఆవుల కడుపులో పాలిథిన్ సంచులు పేరుకుపోవడం మీరు వినే ఉంటారు. అలాంటి పశువును ఇనుప చట్రంలో నిలబెట్టి, ఎడమ డొక్క దగ్గర వెంట్రుకలు తీసి, అక్కడ తిమ్మిరి ఇంజక్షన్ ఇచ్చి కోస్తారు. ఆవు నిలబడే ఉంటుంది. డాక్టరు పెద్ద పొట్టలోకి చెయ్యి పెట్టి సంచులను, తాళ్లను, కొన్నిసార్లు మేకులను బయటికి తీస్తారు. మేతతో మింగిన తీగముక్క పొట్టను పొడుచుకుని గుండె దాకా పోయి ప్రాణం తీసే ప్రమాదం ఉంది. అడ్డం తిరిగిన దూడను బయటికి తీయడం, మాయ పడని బర్రెకు వైద్యం చేయడం, పొదుగువాపు, విరిగిన కాళ్లు, కుక్కలకు టీకాలు, ఇవన్నీ రోజువారీ పనులే.

ఆసుపత్రి వెనుక ప్రయోగశాలలు ఉంటాయి. రక్తం, పాలు, పేడ పరీక్షలు అక్కడ జరుగుతాయి. చనిపోయిన పశువుకు శవపరీక్ష చేసి కారణం కనుక్కుంటారు. ఒక మేక ఎందుకు చచ్చిపోయిందో తెలిస్తే మిగిలిన మందను కాపాడుకోవచ్చు. కొన్నిసార్లు కాపరి కుటుంబాన్ని కూడా కాపాడవచ్చు. పశువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బులను, పాలు, మాంసం శుభ్రతను చదివే ప్రత్యేక విభాగం కూడా పశువైద్య కళాశాలలో ఉంటుంది. దానినే పశువైద్య ప్రజారోగ్య విభాగం అంటారు.

మాల్టా మేకలు నేర్పిన పాఠం

ఇటలీకి దక్షిణాన, మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న దీవి ఉంది. ఒకప్పుడు అక్కడి బ్రిటిష్ సైనికులు నెలల తరబడి వదలని జ్వరంతో మంచం పట్టేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఆ జ్వరంతో చనిపోయిన వారి శరీరంలో సూక్ష్మక్రిమిని కనుగొన్నాడు. ఆయన పేరు మీదనే దానికి బ్రూసెల్లా అని పేరు వచ్చింది. కానీ ఆ క్రిమి ఎక్కడినుంచి వస్తున్నదో తెలియలేదు. 1905లో తెమిస్టోక్లిస్ జామిత్ అనే మాల్టా వైద్యుడు మేకల రక్తాన్ని పరీక్షించి చూశాడు. పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్న మేకల్లోనే ఆ జబ్బు దాగి ఉంది. వాటి పాలే సైనికులు తాగుతున్నారు. 1906లో సైనికులకు మేకపాలు ఇవ్వడం ఆపేశారు. వారిలో జ్వరం కేసులు ఒక్కసారిగా తగ్గిపోయాయి.

సంవత్సరాల తరబడి మనుషులకు వైద్యం చేసినా ఆగని జబ్బు, మేకను పరీక్షించిన తర్వాత ఆగింది. ఈనాటికీ ఈ పాఠం మారలేదు.

ఈ జబ్బు ఎలా వస్తుంది?

జబ్బు ఉన్న పశువు పైకి బాగానే కనిపిస్తుంది. చూలు నిలబడదు. ఆవులు, బర్రెలైతే సాధారణంగా అయిదో నెల దాటాక ఈసుకుపోతాయి. మాయ సరిగా పడదు. పడిపోయిన పిండంలో, మాయలో, ఉమ్మనీటిలో, పాలలో క్రిములు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిని ఒట్టి చేతులతో తీసినప్పుడు చేతి మీది గీతలు, పుండ్ల ద్వారా మనకు అంటుకుంటుంది. కాచని పాలు తాగినా వస్తుంది. మేకపాలు చలువ అనీ, పొదుగు కిందినుంచి నేరుగా తాగితే బలమనీ పిల్లలకు పట్టించడం కొన్ని ఇళ్లలో ఉంది. దయచేసి అలా చేయకండి. పాలు పొంగు వచ్చేదాకా కాస్తే ఈ క్రిమి చస్తుంది. కాచిన పాలలో బలం ఎక్కడికీ పోదు.

మనిషి నుంచి మనిషికి ఇది చాలా అరుదు. కనుక రోగిని వెలివేసినట్టు చూడవలసిన పని లేదు.

క్రిమి ఒంట్లో చేరిన కొన్ని వారాలకు, ఒక్కోసారి కొన్ని నెలలకు, జ్వరం మొదలవుతుంది. చెమట, నీరసం, కీళ్లనొప్పులు, నడుమునొప్పి ఉంటాయి. మగవారికి వృషణాలు వాచవచ్చు. గర్భిణులకు గర్భస్రావం కావచ్చు. నిర్లక్ష్యం చేస్తే వెన్నెముకను, అరుదుగా గుండెను కూడా దెబ్బతీస్తుంది.

ఒకే పరీక్ష, రెండు ఆసుపత్రులు

పశువు రక్తం నుంచి తీసిన సీరం ఒక చుక్క, గులాబీ రంగు మందు ఒక చుక్క గాజు పలక మీద కలిపి నాలుగు నిమిషాలు మెల్లగా ఊపుతారు. సన్నటి గడ్డలు కడితే జబ్బు ఉందని అనుమానం. దీన్ని రోజ్ బెంగాల్ పరీక్ష అంటారు. మనుషులకు కూడా ఇదే పరీక్ష చేస్తారు. ఆ తర్వాత ఇతర పరీక్షలతో నిర్ధారిస్తారు.

మనుషులకు ఈ జబ్బు నయమవుతుంది. సాధారణంగా రెండు రకాల మందులు కలిపి కనీసం ఆరు వారాలు వాడాలి. పది రోజులకే జ్వరం తగ్గిందని మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే.

పశువుల విషయం కష్టమైనది. వాటికి నమ్మదగిన చికిత్స లేదు. జబ్బు తేలిన పశువును మందనుంచి వేరుచేయాలి. ఇక్కడే పేద కుటుంబానికి పరీక్ష ఎదురవుతుంది. "ఎవరికీ చెప్పకుండ సంతల అమ్ముకుంటే పాయె" అనిపిస్తుంది. కానీ ఆ మేకను కొన్న ఇంట్లో కూడా పాలు తాగే పిల్లలు, చూలింత కోడలు ఉంటారు. జబ్బును అమ్మితే డబ్బు మనకు, జ్వరం వాళ్లకు. అమ్మకుండా పశువైద్యుని సలహా అడగండి.

అన్నిటికన్నా మేలు ముందుజాగ్రత్త. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆవు, బర్రె పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి వేసే టీకా ఉంది. గాలికుంటు, బ్రూసెల్లోసిస్ నివారణకు 2019లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. మీ ఊరికి టీకా బృందం వచ్చినప్పుడు పెయ్యదూడలను దాచకండి. టీకాతో పాలు తగ్గుతాయన్న భయంతో కొందరు వెనకాడతారు. కానీ పెయ్యదూడ ఇంకా పాలే ఇవ్వదు కదా!

టీకాల శక్తికి పెద్ద నిదర్శనం ఒకటి ఉంది. తరతరాలుగా మందలకు మందలను తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి 2011లో ప్రపంచంలోనే లేకుండా పోయింది. మనుషుల్లో మశూచి తర్వాత పూర్తిగా అంతమైన జబ్బు అదొక్కటే. ఊరూరా తిరిగి టీకాలు వేసిన పశువైద్య సిబ్బంది శ్రమ అది.

మరో రెండు హెచ్చరికలు

ఆవు లేదా బర్రె చొంగ కారుస్తూ, మింగలేక, వింతగా అరుస్తుంటే గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చెయ్యి పెట్టకండి. అది పిచ్చికుక్క కాటువల్ల వచ్చిన రేబిస్ కావచ్చు. మనుషులకు కుక్క కరిస్తే పుండును సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వచ్చి టీకా మొదలుపెట్టండి. పసరు, కారం, సున్నం పెట్టవద్దు. రేబిస్ లక్షణాలు మొదలైతే బతికించడం దాదాపు అసాధ్యం.

ఉన్నట్టుండి చనిపోయి, ముక్కు నుంచో వెనుకనుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న పశువును కోయవద్దు, మాంసం పంచుకోవద్దు. అది దొమ్మరోగం కావచ్చు. వెంటనే పశువైద్యునికి చెప్పండి.

గుర్తుంచుకోవలసినవి

1. పాలు పొంగేదాకా కాచి తాగండి. మాంసం, కార్జం బాగా ఉడికించండి.

2. ఈత పోయేటప్పుడు, మాయ తీసేటప్పుడు చేతికి గ్లౌజులు వేసుకోండి. లేకుంటే మందమైన ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోండి. తర్వాత సబ్బుతో కడుక్కోండి. గర్భిణులు ఆ పనికి దూరంగా ఉండాలి.

3. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను కుక్కలకు వేయకండి. లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి.

4. సంతలో కొన్న జీవాలను మూడు నాలుగు వారాలు వేరుగా కట్టేసి, తర్వాతే మందలో కలపండి.

5. పొదుగువాపుకు సూదులు వేసిన పశువు పాలను డాక్టరు చెప్పినన్ని రోజులు తాగకండి, అమ్మకండి.

6. పశువుకు జబ్బు చేస్తే మొదట దగ్గరలోని పశువైద్యశాలకు వెళ్లండి. 2017లో తెలంగాణలో మొదలైన సంచార పశువైద్య వాహనాల పిలుపు నంబరు 1962. అక్కడ తేలని కేసులను కళాశాల ఆసుపత్రికి పంపుతారు.

చివరగా ఒక మాట. వారం దాటిన జ్వరంతో మా దగ్గరికి వచ్చినప్పుడు, మేము అడగడం మరిచిపోయినా, "మాకు మేకలున్నయి, బర్రెలున్నయి, ఈ మధ్య ఒకటి ఈసుకుపోయింది" అని మీరే చెప్పండి. పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, "ఇంట్ల ఒకరికి జరం తగ్గుతలేదు" అని అక్కడ కూడా చెప్పండి. ఆ ఒక్క మాట రెండు నెలల తిప్పలను తప్పించవచ్చు.